రక్తపుపోటు: ఊరి వైద్యశాలలో చికిత్స

రక్తపుపోటు అను మాట వినని యిల్లు నేడు అరుదు. అయినను ఆ మాటకు మనము చెప్పుకొను అర్థములు పలు విధములు. కోపము వచ్చినవానిని చూచి 'వానికి బీపీ పెరిగినది' అనుచుందుము. తల బరువుగా నున్నను, కన్నులు తిరిగినను, రాత్రి నిద్ర పట్టకున్నను అది రక్తపుపోటేయని నిశ్చయించుకొందుము. ఇట్టి బాధలేవియు లేనినాడు 'నాకు పోటు లేదు, సుఖముగనే యున్నాను' అని ధైర్యము తెచ్చుకొందుము. మొదటి పొరపాటువలన అంత నష్టము లేదు. మహా అయిన నొక పర్యాయము వైద్యుని చూచి వత్తుము. రెండవది ప్రాణముల మీదికి తెచ్చును. అధికమైన రక్తపుపోటు గలవారిలో పెక్కుమందికి ఏ బాధయు నుండదు. పొలము పనులు చూచుకొనుచు, పెండ్లిండ్లకు పేరంటములకు పోవుచు, సంవత్సరముల తరబడి తిరుగుచుందురు. ఒకనాటి తెల్లవారుజామున చేయి లేవదు, మాట ముద్దగా వచ్చును. అప్పుడు వైద్యుడు 'పోటు ఎంతకాలమునుండి యున్నది?' అని యడుగును. ఇంటిలో నెవరును సమాధానము చెప్పలేరు.

ఈ వ్యాధిని గూర్చి ప్రసంగము ప్రసారము చేసినప్పుడెల్ల శ్రోతలు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: 'మందు ఎన్నాళ్లు మింగవలెను?' ఈ వ్యాసములో చాల భాగము ఆ ప్రశ్నకు సమాధానమే.

ముందుగా పోటు అన నేమో చూతము. గుండె నిమిషమునకు సుమారు 70 పర్యాయములు ముడుచుకొని రక్తమును ధమనులలోనికి నెట్టును. ఆ రక్తము ధమనుల గోడలను ఒత్తును. గుండె ముడుచుకొన్నపుడు ఆ ఒత్తిడి హెచ్చుగను, విప్పారినపుడు తక్కువగను నుండును. వైద్యుడు చీటీమీద వ్రాయు రెండు అంకెలును ఇవియే. 120/80 అనగా పై ఒత్తిడి 120, క్రింది ఒత్తిడి 80 మిల్లీమీటర్ల పాదరసము.

కృష్ణా డెల్టా రైతునకు కాలువగట్టు సంగతి చెప్పనక్కరలేదు. కాలువ అంచువరకు నిండి పారుచున్నపుడు చూచువారికి కన్నుల పండువుగనే యుండును. కాని లోపల మట్టి నానుచుండును. ఎక్కడనో సన్నని బుంగ పడుచుండును. గట్టు తెగిన రాత్రిగాని ఆ సంగతి ఊరికి తెలియదు. ధమనుల విషయమును అట్టిదే. ఎడతెగని ఒత్తిడివలన వాని గోడలు గట్టిపడి, లోపలి దారి యిరుకగును. మెదడులోని నాళము చిట్లినను, పూడిపోయినను పక్షవాతము వచ్చును. గుండె అదనపు బరువు మోసి మోసి, కండ పెరిగి, తుదకు అలసిపోవును. మూత్రపిండములలోని జల్లెడల వంటి సన్నని నాళములు చెడిపోవును. కంటిలోని తెరయు దెబ్బతినును. ఇవన్నియు ఒక్కదినమున జరుగునవి కావు. చికిత్సకు సమయము చిక్కుట మన అదృష్టము; ఆ సమయములో బాధ లేకుండుట మన దురదృష్టము.

వేరువేరు దినములలో వైద్యశాలయందు కొలిచినపుడు పై అంకె 140గాని అంతకు మించిగాని, లేదా క్రింది అంకె 90గాని అంతకు మించిగాని యున్నచో దానిని అధిక రక్తపుపోటుగా నెంచుదురు. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 ఏండ్లు నిండిన పురుషులలో నూటికి 24 మందియు, స్త్రీలలో నూటికి 21 మందియు ఈ కోవకు చెందినవారుగనో, దీనికి మందు వాడుచున్నవారుగనో తేలిరి. తెలుగు రాష్ట్రములు రెండింటను ఈ నిష్పత్తి దేశపు సగటుకంటె నెక్కువ.

ఇంతమందికి గల వ్యాధికి మందు లేదా? కలదు. అయితే అది యెంత ఇటీవలిదో తెలిసికొన్నచో, దానిని మనము చులకనగా చూడము. 1945 ఏప్రిల్ 12వ తేదీన అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. ఆనాడు ఆయనకు కొలిచిన పోటు 300/190. అంతకు సంవత్సరము ముందు, 1944 మార్చిలో, హోవర్డ్ బ్రూయెన్ అను హృద్రోగ వైద్యుడు ఆయనను పరీక్షించినపుడే అది 186/108గా నున్నది. వ్యాధి తెలియక కాదు. చేయదగిన చికిత్స లేక. ఉప్పు తగ్గించుడనిరి, విశ్రాంతి తీసికొమ్మనిరి, గుండెకు డిజిటాలిస్ ఇచ్చిరి. ప్రపంచములోకెల్ల బలవంతమైన దేశమునకు అధిపతియైనవానికి నాడు దొరకని మాత్ర నేడు మన మండలములోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితముగా దొరకుచున్నది.

ఈ మార్పులో మన దేశపు మొక్క యొకదానికి పాలు కలదు. సర్పగంధ వేరును మన వైద్యులు అనాదిగా ఎరుగుదురు. రక్తపుపోటుమీద దాని ప్రభావమును గూర్చి బొంబాయికి చెందిన డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో తన అనుభవమును ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. తరువాత అమెరికాలో పూర్వసైనికుల ఆసుపత్రులలో ఎడ్వర్డ్ ఫ్రైస్ అను వైద్యుని ఆధ్వర్యమున ఒక పరీక్ష జరిగినది. క్రింది అంకె 115కు 129కి నడుమ నున్న 143 మంది పురుషులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు మందులు, రెండవ జట్టునకు మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిరి. ఆ మందులలో రిసర్పిన్ ఒకటి. ఫలితము 1967లో వెలువడినది. ఉత్తుత్తి మాత్రల జట్టులో 27 మందికి తీవ్రమైన ఉపద్రవములు కలుగగా, మందు పుచ్చుకొన్న జట్టులో ఇద్దరికి మాత్రమే కలిగినవి. పోటు తగ్గించినచో ప్రాణము నిలుచునని సందేహమునకు తావులేకుండ తేలినది నాడే. రిసర్పిన్‌కు మించిన మందులు తరువాత పెక్కు వచ్చినవి. కనుక ఇది చదివి యెవరును సర్పగంధ వేరు నూరుకొని త్రాగబోవలదు. వేరులో మందు పాలు ఎంతయో కొలుచు త్రాసు మన వంటయింటిలో లేదు.

మందు దొరకినది గదా, ఇక చిక్కేమి? చిక్కంతయు అక్కడనే మొదలైనది. మలేరియాకు కొన్ని దినములు మందు మింగి లేచి కూర్చుందుము. ఈ వ్యాధి అట్లు విడిచిపోవునది కాదు. ఏ బాధయు లేని మనిషి ప్రతిదినము, ఏండ్ల తరబడి, సామాన్యముగా జీవితాంతము మాత్ర మింగవలెను. నెల నెలయు వచ్చి పోటు చూపించుకొనవలెను. ఈ పని పట్టణపు పెద్దాసుపత్రివలన కాదు. బస్సు ఖర్చులు పెట్టుకొని, ఒక దినపు కూలి పోగొట్టుకొని, వరుసలో మధ్యాహ్నము వరకు నిలిచి, రెండు నిమిషములు వైద్యుని దర్శించి వచ్చు మనిషి రెండవ నెల వచ్చునేమో. ఆరవ నెల రాడు. వచ్చిన ప్రతి పర్యాయము క్రొత్త వైద్యుడు, క్రొత్త చీటీ, క్రొత్త మందు. అందుచేత ఈ వ్యాధికి సరియైన స్థానము నడచిపోదగినంత దూరములో నుండు చిన్న వైద్యశాలయే. ఇది మా ఊహ మాత్రము కాదు. దీనికి నిదర్శనము కలదు.

2017లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రాష్ట్ర ప్రభుత్వములు కలిసి అధిక రక్తపుపోటు నియంత్రణకు ఒక కార్యక్రమము తలపెట్టినవి. పంజాబు, మధ్యప్రదేశ్, కేరళ, మహారాష్ట్ర, తెలంగాణ రాష్ట్రములలోని కొన్ని జిల్లాలతో ఆరంభమై, పిమ్మట ఇతర రాష్ట్రములకు వ్యాపించినది. 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారమును పొందినది. ఇందులో నూతనముగా కనిపెట్టిన మందుగాని, వింత యంత్రముగాని లేదు. వైద్యశాలకు ఏ పనిమీద వచ్చిన పెద్దవారికైనను పోటు కొలుచుట, అందరికి ఒకే క్రమములో మందులిచ్చుట, ఆ మందులు నిండుకొనకుండ చూచుట, పనిని వైద్యుడొక్కడే మోయక నర్సులతోను ఆశా కార్యకర్తలతోను పంచుకొనుట, వచ్చినవారిని రానివారిని పేరు పేరున లెక్క చూచుట, ఇంతియే. చెప్పుటకు సులభముగా నున్నవి గాని, ఒక్కొక్కదానిలో నెంత పని యున్నదో కొంచెము వివరింతుము.

పోటు కొలుచుటయే తీసికొనుడు. బస్సు దిగి పరుగెత్తుకొని వచ్చిన మనిషిని బల్లమీద కూర్చుండబెట్టి వెంటనే పట్టీ చుట్టినచో వచ్చు అంకె ఆ మనిషి పోటు కాదు, ఆ పరుగు పోటు. కొలుచుటకు ముందు అర్ధగంటలో కాఫీ, టీ, పొగ పనికిరావు. మూత్రవిసర్జన చేసి రావలెను. నిండిన మూత్రాశయము పోటును పెంచును. కుర్చీలో వీపు ఆనించి, పాదములు నేలమీద మోపి, కాలుమీద కాలు వేసికొనక, ఐదు నిమిషములు ఊరక కూర్చుండవలెను. చేయి బల్లమీద గుండె యెత్తున నుండవలెను. క్రిందికి వ్రేలాడినచో అంకె హెచ్చును. పట్టీని చొక్కా చేతిమీద గాక ఒంటిమీదనే చుట్టవలెను. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినను లేని పోటు కనిపించును. కొలుచుచున్నంతసేపు మాటలాడరాదు. మన వైద్యశాలలలో నన్నిటికంటె కష్టమైన నియమము ఇదియేనేమో! పంటల సంగతి, పిల్లల సంగతి అడుగకుండ నర్సమ్మ ఉండలేదు. చెప్పకుండ మనమును ఉండలేము. ఒక నిమిషము ఆగి రెండవ పర్యాయము కొలువవలెను. పోటు మరీ హెచ్చుగా లేనిచో, ఇంకొక దినమున మరల కొలిచిన తరువాతనే వ్యాధిని నిశ్చయింతురు.

పట్టీతో పోటు కొలుచు విధానమును 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి కనిపెట్టగా, స్టెతస్కోపుతో చప్పుళ్లు విని రెండు అంకెలును తెలిసికొను విధానమును 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ చెప్పెను. శతాబ్దము పాటు వైద్యుని బల్లమీద వెలిగిన పాదరసపు స్తంభము, పాదరసము విషమగుటచేత, క్రమముగా మరుగున పడుచున్నది. దాని స్థానమున ఎలక్ట్రానిక్ పరికరములు వచ్చినవి. కొలత మాత్రము నేటికిని పాదరసపు మిల్లీమీటర్లలోనే చెప్పుచున్నాము. క్రొత్త పరికరమువలన ఒక మేలు కలదు. చెవితో విని వ్రాయు రోజులలో 130/80, 140/90 అని సున్నతో ముగియు అంకెలు వ్రాయుట చాలమందికి అలవాటు. యంత్రమునకు గుండ్రని అంకెలపై మమకారము లేదు; 143 అయిన 143 అనియే చూపును.

ఇక మందులు. ఈ కార్యక్రమములో ఎక్కువచోట్ల మొదట నిచ్చునది ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర, దినమునకొకటి. నెల తరువాత పోటు 140/90 కంటె తగ్గకున్నచో దానికి టెల్మిసార్టాన్ అను రెండవ మందును చేర్చుదురు. అప్పటికిని లొంగనిచో మోతాదు పెంచుదురు. తుదకు క్లోర్తాలిడోన్ వంటి, మూత్రము ద్వారా ఉప్పును వెడలగొట్టు మందు నొకదానిని కలుపుదురు. రాష్ట్రమును బట్టి క్రమములో కొద్దిపాటి భేదములు కలవు. ఈ పేర్లు వ్రాయుట పాఠకులు అంగడికి పోయి కొని మింగుటకు గాదు. తమ చేతి మాత్ర యేదో, ఎందుకో తెలియుటకు. ఆమ్లోడిపిన్‌వలన కొందరికి చీలమండలు వాచును. వాచినచో ఆ మాట వైద్యునితో చెప్పవలెను గాని మాత్రను కిటికీలోనుండి విసరివేయరాదు.

అందరికి ఒకే క్రమమా, మనిషి మనిషికి ప్రకృతి వేరు గదా యని శంకించు పెద్దలు కలరు. వైద్యులలోను కలరు. శంక న్యాయమైనదే. క్రమము సరిపడనివారికి దానిని మార్చు అధికారము వైద్యునికి ఎల్లప్పుడును కలదు. కాని నూటికి ఎక్కువమందికి సరిపోవు దారి యొకటి నిర్ణయించుటవలన కలుగు లాభము చూడుడు. పది కంపెనీల పది మందులు కాక మూడు నాలుగు మందులే కావలెను. కనుక జిల్లా గోదాములో ఎన్ని లక్షల మాత్రలు నిలువయుండవలెనో ముందుగనే లెక్క కట్టవచ్చును. నర్సునకు ఆ మందుల గుణదోషములు కంఠస్థములగును. వైద్యుడు బదిలీయైనను మందు మారదు. 'ఈ నెల మందులు రాలేదు, పై నెల రా' అను మాటకంటె ఈ చికిత్సకు పెద్ద శత్రువు లేదు. ఆ మాట ఒక్కమారు విన్న మనిషి మరల గడప త్రొక్కుటకు వెనుదీయును.

ఇప్పుడు నిదర్శనమునకు వత్తము. ఈ కార్యక్రమమున నాలుగు రాష్ట్రములలోని 24 వైద్యశాలలను ఎంచుకొని, 2018 జనవరి మొదలు 2019 జూన్ వరకు పేరు వ్రాయించుకొన్న 21,895 మంది సంగతి పరిశీలించిరి. చేరిననాడు వారిలో పోటు అదుపులో నున్నవారు నూటికి 26 మంది. 2019 జూలై, సెప్టెంబరుల నడుమ మరల వచ్చి పోటు చూపించుకొన్నవారిలో అదుపులో నున్నవారు నూటికి 60 మంది. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. పెద్ద ఆసుపత్రులలో ఈ వృద్ధి నూటికి 23 మేరకు ఉండగా, ప్రాథమిక వైద్యశాలలలో 48 మేరకు ఉన్నది, రెట్టింపునకు మించినది. పెద్ద ఆసుపత్రి, పెద్ద వైద్యుడు, పెద్ద చికిత్స యని మనము నమ్ముకొన్న లెక్క ఈ వ్యాధియెడల తలక్రిందులైనది.

అయితే ఆ లెక్కలోనే మింగుడుపడని అంకె యింకొకటి కలదు. ఆ 21,895 మందిలో ఆ మూడు నెలలలో తిరిగి వచ్చి పోటు చూపించుకొన్నవారు 11,274 మంది మాత్రమే. అనగా సుమారు సగము మంది రాలేదు. నూటికి 60 మంది యను మంచి వార్త వచ్చినవారిని గూర్చినదే. రానివారి మాట యేమి?

రానివారిని పట్టికలోనుండి కొట్టివేసినచో ఏ వైద్యశాలయైనను గొప్పగా కనిపించును. ఈ పద్ధతిలో అట్లు చేయుటకు వీలులేదు. మూడు నెలల క్రిందట చేరినవారు ఎందరు, వారిలో పోటు అదుపులో నున్నవారెందరు, లేనివారెందరు, అసలు రానివారెందరు అని ప్రతి త్రైమాసమునకు తేల్చవలెను. గడువు దాటినవారి పేర్లు నర్సు చేతిలోని సెల్‌ఫోనులో కనిపించును. ఆమె ఫోను చేయును, లేదా ఆశా కార్యకర్త యింటికి పోవును. ఒక వైద్యశాల కార్యదక్షతను తెలిసికొనగోరువారు గోడమీది రంగు చూడనక్కరలేదు. ఈ రానివారి పట్టిక చూచిన చాలును.

ఎందుకు రారు? తెలంగాణ పల్లెలో ఇట్టి సంభాషణ వినవచ్చును.

'పెద్దయ్యా, పోయిన నెల రాలేదేంది?'

'గోలీలు మంచిగ పనిచేసినయి బిడ్డా. బీపీ తక్కువైందని నువ్వే చెప్తివి గద. ఇగ ఎందుకని బంద్ చేసిన.'

'తక్కువైంది గోలీతోనే పెద్దయ్యా. గోలీ బంద్ చేస్తే మళ్ల ఎక్కువైతది.'

పెద్దయ్య తర్కములో లోపము లేదు. జ్వరము తగ్గిన మందు మానుట ఆయన జీవితమంతయు నేర్చిన పాఠము. ఈ వ్యాధి ఆ పాఠమునకు ఎదురు నడచును. పోటు సరిగా నున్నదనగా వ్యాధి పోయినదని కాదు, మందు పనిచేయుచున్నదని. కాలువకు తలుపు దించినంతసేపే నీటిమట్టము తగ్గియుండును.

మరికొన్ని కారణములును కలవు. మాత్రలు వేడిచేయునని కొందరు, అలవాటుపడిపోవునని కొందరు వెనుదీయుదురు. మత్తుమందు అలవాటగునట్లు ఈ మందులు అలవాటగునవి కావు. స్త్రీలు శనివారపు ఉపవాసమని, ఏకాదశియని మాత్ర మానుదురు. గుక్కెడు నీటితో మాత్ర వేసికొన్నంతమాత్రమున వ్రతభంగము కాదని ఇంటిలోని పెద్దలే చెప్పవలెను. చక్కెర పరీక్షకు పరగడుపున రమ్మన్నారని పోటు మాత్ర కూడ మాని వచ్చువారు కలరు. నర్సు కొలిచినపుడు అంకె హెచ్చుగా వచ్చును, వైద్యుడు మందు పెంచును. లేని అవసరమునకు మోతాదు పెరుగును. మాత్ర వేసికొనక వచ్చినచో ఆ మాట మొదటనే చెప్పవలెను. ఇక కూలికై ఊరు విడిచి పోవువారి కష్టము వేరు. పాలమూరునుండి కట్టడపు పనులకు పోవు కుటుంబము తిరిగి వచ్చుసరికి నెలలు గడచును. ఇట్టివారు బయలుదేరుటకు ముందే నర్సుతో చెప్పి, వీలైనన్ని నెలల మందు అడిగి తీసికొనవలెను. మందుల పేర్లు వ్రాసిన చీటీని వెంట నుంచుకొనవలెను. 2020లో కరోనా వ్యాధివలన రాకపోకలు నిలిచినపుడు ఒక నెలకు బదులు రెండు మూడు నెలల మాత్రలు ఇచ్చి, కొన్నిచోట్ల ఇంటికే చేర్చిరి. అది సాధ్యమని నాడే తేలినది. పోటు నిలకడగా నున్నవారికి ఆ సదుపాయము ఎల్లకాలము నుండుట మేలని మా అభిప్రాయము.

రేడియో గల యింటివారికి ఒక ఉపాయము చెప్పుదుము. మాత్ర మరచిపోవుట సహజము. ఉదయపు వార్తలు మరచిపోవుట అరుదు. వార్తలు మొదలైనపుడు మాత్ర వేసికొనుట అలవాటు చేసికొన్నచో, ఏనాడు మానినదియు రేడియోయే గుర్తుచేయును.

ఉప్పు మాట యెత్తకుండ రక్తపుపోటు మాట ముగియదు. దినమునకు మనిషికి 5 గ్రాముల ఉప్పు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశములో సగటున 8 గ్రాములు తినుచున్నాము. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడములు, వడియములు, ఎండుచేపలు గల విస్తరి ముందు కూర్చున్నవానికి ఈ ఉపదేశము రుచింపదని మాకును తెలియును. ఊరగాయను పూర్తిగా మానుమనుటకంటె, అన్నములోను మజ్జిగలోను మీదనుండి చల్లుకొను ఉప్పును మొదట మానుట సులభము. పచ్చడి నాడు పప్పులో ఉప్పు తగ్గించవచ్చును. నాలుక కొన్ని వారములలో అలవాటుపడును. సోడియమునకు బదులు పొటాషియము కలిపిన ఉప్పు అంగళ్లలో వచ్చుచున్నది. అది మేలు చేయునదే, కాని మూత్రపిండముల వ్యాధి గలవారును, టెల్మిసార్టాన్ వంటి మందులు వాడువారును వైద్యుని అడుగక వాడరాదు. నడక, బరువు తగ్గుట, పొగాకును మద్యమును విడుచుట, వీనిని గూర్చి మా ప్రసంగములలో పలుమారు చెప్పియున్నాము. ఇవి మాత్రకు తోడుగా నుండునవి. మాత్ర అవసరమని వైద్యుడు చెప్పిన పిమ్మట దానికి బదులు కావు.

పై అంకె 10 మేరకు తగ్గినచో పక్షవాతపు ప్రమాదము నాలుగింట ఒక వంతునకు పైగా తగ్గునని పెక్కు పరీక్షలను కలిపి చూచిన పరిశోధకులు 2016లో తేల్చిరి. పదియే గదా యనిపించును. 158 కాస్త 148 అయిన మనిషికి తనలో ఏ మార్పును తెలియదు. అయినను ఆ పది అంకెలలో ఎన్నియో చేతులు, ఎన్నియో మాటలు నిలిచియున్నవి.

చిన్న వైద్యశాల తనకు మించినవానిని పైకి పంపవలెను. గర్భిణికి పోటు హెచ్చుట వేరు వ్యాధి, వేరు తొందర. ఆమెకు టెల్మిసార్టాన్ ఈయరాదు, వెంటనే వైద్యుని చూడవలెను. చిన్న వయస్సులోనే పోటు హెచ్చినవారికి కారణము వెదకవలెను. మూడు మందులు సరిగా వాడినను లొంగనివారిని నిపుణునికి చూపవలెను. 180/110 దాటినచో ఆ దినముననే వైద్యుని చేరవలెను. మూతి వంకరపోయినను, ఒక ప్రక్క చేయి కాలు స్వాధీనము తప్పినను, మాట తడబడినను పోటు కొలుచుచు కూర్చుండక 108కి ఫోను చేయవలెను. నాళములో రక్తపు గడ్డ అడ్డుపడినచో దానిని కరిగించు మందు నాలుగున్నర గంటల లోపుగా ఈయవలసియుండును. ఆ గడియారము చేయి పడిపోయిన క్షణముననే మొదలగును.

కొందరు ఇంటిలోనే పోటు కొలుచు పరికరము కొనుచున్నారు. మణికట్టునకు చుట్టుదానికంటె మోచేతికి పైన చుట్టునది నమ్మదగినది. కొన్న పిదప ఒకమారు వైద్యశాలకు తీసికొనిపోయి, అక్కడి పరికరముతో సరిపోల్చుకొనవలెను. ఇంటిలో వచ్చు అంకెలు సామాన్యముగా కొంచెము తక్కువగా నుండును. కావున అక్కడ 140/90కి బదులు 135/85ను హద్దుగా నెంచుదురు. గంటకొకమారు కొలిచి బెంగపెట్టుకొనుట అనవసరము. వైద్యుని దర్శించుటకు ముందు వారము దినములు ఉదయము రెండు మారులు, సాయంకాలము రెండు మారులు కొలిచి, తేదీతో ఒక కాగితముపై వ్రాసికొని, మిగిలిన మాత్రల అట్టతో సహా ఆ కాగితమును తీసికొని పోయిన చాలును.